సూర్యునికి వీపు త్రిప్పి సూర్యుని చూచుట



తాటాకు పాకలో వేసవి మధ్యాహ్నము నడుము వాల్చిన వారందఱును ఎఱిగిన సంగతి యొకదానితో నా మాట మొదలుపెట్టెదను. కప్పులో ఎక్కడనో ఒక చిల్లు ఉండును. దానిగుండ నేలమీద ఒక వెలుగుబిళ్ల పడును. ఆ చిల్లు ఎలుక కొఱికినదైనను, ఆకు చినిగి మూడు మూలలుగా ఏర్పడినదైనను, సూర్యుడు నడినెత్తిని ఉన్నప్పుడు నేలమీది బిళ్ల మాత్రము రూపాయవలె గుండ్రముగానే యుండును. చిన్నతనములో మనమందఱము ఆ బిళ్లను అఱచేతిలో పట్టుకొనవలెనని ప్రయత్నించిన వారమే. చిల్లు మూడు మూలలుగా ఉండగా వెలుగు గుండ్రముగా ఎందుకున్నదని అడిగినవారు తక్కువ. ఆ బిళ్ల సూర్యుని బొమ్మ. చిల్లు ఆకారము దానికి రాదు. సూర్యుని ఆకారమే వచ్చును. గ్రహణము పట్టిన దినమున, ఆ పాకలోనే, ఆ నేలమీదనే, అది కొడవలివలె వంగును.

అనగా, ఆకాశమువైపు కన్నెత్తకుండ, నేలమీదనే చూపు నిలిపి సూర్యుని చూచుట మన యిండ్లలో తరతరములుగా జరుగుచునే యున్నది. నేటి నా ప్రసంగమంతయు ఈ వెలుగుబిళ్లను గుఱించియే. దానిని కొంత పెద్దదిగా, కొంత స్పష్టముగా చేసి బడిపిల్లలకు చూపుటకు ఏ వస్తువులు కావలెను, అవి తక్కువ వెలకు ఎక్కడ దొరకును, ఆ వెదకుటలో నేను ఎక్కడ పొరపాటు పడితిని అను సంగతులను మీకు విన్నవించెదను.

నేను గుంటూరు జిల్లాలోని ఒక గ్రామమున ఉన్నత పాఠశాలలో ముప్పది యేండ్లకు పైగా సామాన్యశాస్త్రము బోధించుచున్న వాడను. 1980వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము వచ్చినప్పుడు నాకు పదునాలుగేండ్లు. ఆనాటి మధ్యాహ్నము చంద్రుని నీడ రాయచూరు మీదుగా వచ్చి, నల్లగొండ, ఖమ్మము ప్రాంతములను దాటి పూరీవైపు సాగిపోయినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్-రంగాపురము వేధశాలయొద్ద శాస్త్రజ్ఞులు యంత్రములు నిలుపుకొని ఆ నీడకై వేచియుండిరి. మా యూరు ఆ నీడబాటకు వెలుపల నుండుటచే మాకది పాక్షికమే. అయినను వీథిలో కుక్క తప్ప మనుష్యుడు లేడు. తలుపులన్నియు మూసిరి. గర్భిణులను మూలగదులలో కూర్చుండబెట్టిరి. ఇత్తడి పళ్లెములో నీరు పోసి రోకలి నిలబెట్టిరి. (అడుగు చదునుగా నున్న రోకలి ఏ బుధవారమునాడైనను నిలుచును. పెద్దవాడనైన పిమ్మట నేను నిలబెట్టి చూపితిని. మా అమ్మ చాల దినములు నాతో సరిగా మాటలాడలేదు.)

నా సహాధ్యాయి యొకడు ఆ మధ్యాహ్నము మా దొడ్డిలోని గడ్డివాము వెనుకకు నన్ను పిలిచెను. వాని యన్నకు అంతకు ముందు చేయి విఱిగియుండెను. ఆ చేతి ఎక్స్‌రే ఫిల్మును వాడు చొక్కాలో దాచి తెచ్చినాడు. మొదట తాను చూచి, తరువాత నాకిచ్చునట్లు ఒడంబడిక. వాడు చూచుచుండగనే మా నాయనమ్మ వచ్చి, నా చెవి పట్టుకొని లోపలికి లాగుకొనిపోయినది. వాడు గ్రహణము విడుచువరకు విడిచి విడిచి చూచుచునే యుండెనట. ఆ రాత్రి వానికి ఏ బాధయు లేదు. మఱునాడు తెల్లవాఱి పుస్తకము తెఱచిన తరువాత, ఏ అక్షరముమీద చూపు నిలిపినను ఆ అక్షరము నడుమ బూడిదరంగు మచ్చ కనబడినది. కొన్ని మాసములకు ఎడమకన్ను బాగుపడెను. కుడికన్ను నేటికిని బాగుపడలేదు. ఇప్పుడతడు అరువదియేండ్లకు దగ్గఱపడిన రైతు. బ్యాంకు పుస్తకములోని అంకెలు చదువునప్పుడు కుడికన్ను మూసికొని చదువును. నాతో నవ్వుచు మాటలాడునే గాని, ఆ ఫిల్ము మాట ఇద్దఱము ఎత్తము.

ఆ దినమున నా కన్ను దక్కినది మా నాయనమ్మ భయము వలన. కనుక పెద్దల భయమును నేను పరిహసింపను. కాని లోపలి గదిలో కూర్చుండి నేను ఏడ్చిన యేడ్పును కూడ మఱువలేదు. ఒకడు చూచి కన్ను పోగొట్టుకొనెను. ఒకడు కన్ను దక్కించుకొని చూడలేకపోయెను. ఈ రెండిటిలో ఏదియు మన పిల్లలకు జరుగనక్కఱలేదని చెప్పుటకే ఈ పూట మీ యెదుటికి వచ్చితిని.

కంటి లోపలి తెరకు నొప్పి తెలియదు. కాలుచున్నను చెప్పదు. చేయి నిప్పుమీద పడిన వెంటనే వెనుకకు తీసికొందుము, కన్నట్లు తీయదు. కంటి ముందున్న సహజమైన కటకము సూర్యకాంతిని ఆ తెరమీద ఒకచోటికి చేర్చును. అక్కడ జరిగిన చెఱుపు కొన్ని గంటలు గడచిన పిమ్మట గాని బయటపడదు. పైగా పిల్లల కంటికటకము పెద్దలదానికంటె స్వచ్ఛముగా నుండుటచేత, హాని చేయు కిరణములు మఱింత ఎక్కువగా లోపలికి పోవును.

నేరుగా సూర్యుని చూచుటకు తగిన అద్దము ముప్పది వేల వంతులలో ఒక వంతుకంటె ఎక్కువ వెలుగును పోనీయరాదు. ఈ లెక్క మనస్సులో ఉంచుకొని మన యూళ్లలో వాడుకలో నున్న ఉపాయములను చూడుడు. పళ్లెములో పసుపునీరో పేడనీరో పోసి అందులో సూర్యుని ప్రతిబింబమును చూతురు. నిలువుగా పడిన కాంతిలో నీరు ఇంచుమించు ఏబదింట ఒక వంతును తిరుగగొట్టును. ముప్పది వేలెక్కడ, ఏబది యెక్కడ! మసిపట్టిన గాజు ఒకచోట నల్లగా, ఒకచోట పలుచగా ఉండును. ఎక్స్‌రే ఫిల్ములో ఎముక బొమ్మ ఉన్నచోట వెలుగు దూసికొనిపోవును. మిగిలినచోట కంటికి చల్లగా తోచినను, కంటికి కనబడని వేడికిరణములు దానిని దాటును. నల్ల కండ్లద్దములు, పాటల సీడీ బిళ్లలు మొదలైనవన్నియు ఈ కోవలోనివే.

వెల్డింగు పనివారి గాజును గుఱించి ఒక మాట ప్రత్యేకముగా చెప్పవలెను. అది మంచిదని విని పిల్లలు నేరుగా వెల్డింగు కొట్టుకు పోవుచున్నారు. ఆ గాజుమీద సంఖ్య యుండును. పనివారు సాధారణముగా వాడునది 10 లేదా 11. అది ఏడెనిమిది వేల వంతులలోనో, ఇరువది వేల వంతులలోనో ఒకదానిని పోనిచ్చును, సూర్యునికి చాలదు. 14వ సంఖ్య గాజు మూడు లక్షలకు మించిన వంతులలో ఒకదానినే పోనిచ్చును, అది క్షేమము. సంఖ్య కనబడని గాజును ముట్టవలదు. గ్రహణపు కాగితపు కండ్లద్దములు కూడ మంచివే. అయితే వానిమీద ఐ.ఎస్.ఓ. 12312-2 అను గుర్తు ఉండవలెను, నమ్మకమైన చోట కొన్నవై యుండవలెను, గీతలు గాని మడతలు గాని లేకుండవలెను. వానిని పెట్టుకొని దూరదర్శినిలో చూచుట ఎన్నడును కూడదు.

ఇక నా పొరపాటు చెప్పెదను.

2010 జనవరి 15వ తేదీన సూర్యగ్రహణము వచ్చుచున్నదని తెలిసి, దానికి ముందు బడి కొఱకు చిన్న దూరదర్శిని యొకటి పట్టణమునుండి తెప్పించితిని. సగము ధనము నాది, సగము ఉపాధ్యాయులందఱము వేసికొన్న చందా. పెట్టెలో దానితో పాటు ఒక చిన్న నల్లగాజు బిళ్ల వచ్చినది. సూర్యుని చూచుటకు దానిని కంటివైపు కటకమునకు మఱ త్రిప్పి బిగింపవలెనని కాగితములో వ్రాసియున్నది. నేను శాస్త్రము చదివినవాడను. అయినను అచ్చులో ఉన్నదానిని నమ్మితిని. గ్రహణమునకు కొలది దినముల ముందు, నడి మధ్యాహ్నమున, ఏడవ తరగతి పిల్లలను వరుసగా నిలబెట్టి చూపుచుంటిని. ఒక పిల్ల చూచి, తన స్నేహితురాలికి చోటిచ్చుటకై ప్రక్కకు జరిగెను. రెండవ పిల్ల ఇంకను వంగలేదు. అప్పుడు టప్పుమని చప్పుడైనది. ముందరి పెద్ద కటకము చేర్చిన వేడియంతయు ఆ చిన్న గాజుమీదనే పడుటచే అది నడుమకు పగిలినది. పగులులోనుండి వెలువడిన వెలుగు నా చేతిమీద పడి చుఱుక్కుమన్నది.

ఇద్దఱు పిల్లల నడుమ నున్న ఆ అరక్షణమును తలచుకొని నేను చాల రాత్రులు నిద్రపోలేదు. ఆ పిల్లల తలిదండ్రులకు నేనే పోయి చెప్పితిని. నల్లగాజును సుత్తితో పొడి చేసితిని. మీ యిండ్లలో, మీ బడులలో, అట్టి కంటివైపు బిగించు నల్లగాజు ఏ పెట్టెలోనైనను కనబడినయెడల మీరును అట్లే చేయుడు. సూర్యుని వైపు గుఱిపెట్టిన ఏ గొట్టమునకును పిల్లవాని కన్ను ఆనరాదని నేనానాడు నిశ్చయించుకొంటిని.

గ్రహణమునాడు సెలవు. పిల్లలు మా యింటికే వచ్చిరి. చూపుటకు నాయొద్ద ఏమియు లేదు. అందఱము వేపచెట్టు క్రింద నిలిచితిమి. ఆకుల సందులనుండి పడిన వెలుగుచుక్కలన్నియు కొడవళ్లయి, గాలికి ఆకులు కదలినప్పుడెల్ల నేలంతయు నెలవంకల గుంపులతో కదలాడినది. మా యింటి బూందీ గరిటెను ఎండలో పట్టగా దాని చిల్లులన్నిటినుండియు వరుస వరుసలుగా నెలవంకలు పడినవి. పగిలిన ఆ దూరదర్శినికంటె ఈ గరిటె పిల్లలకు ఎక్కువ చూపినది! అప్పుడు నాకు తాటాకు పాకలోని వెలుగుబిళ్ల జ్ఞాపకము వచ్చినది.

ఆ బిళ్లను పెద్దది చేయుట ఎట్లు? లెక్క సులభము. సూర్యుడు తన వ్యాసమునకు ఇంచుమించు 108 రెట్ల దూరమున నున్నాడు. కనుక చిల్లునుండి నేలకు గల దూరమును 108చే భాగించినచో బిళ్ల వెడల్పు వచ్చును. జపమాల పూసల సంఖ్య, మఱువరాదు. మూడు మీటరుల యెత్తునుండి పడిన బిళ్ల 28 మిల్లీమీటరులుండును. దూరము పెరిగినకొలది బిళ్ల పెరుగును; కాని చిన్న చిల్లునుండి వచ్చు వెలుగు పలుచబడి మసకయగును. చిల్లును పెద్దది చేసిన అంచులు చెదరును. చిల్లుయొక్క స్థానమున కటకము నుంచినయెడల వెలుగును స్పష్టతయు రెండును దక్కును. సంతలో దొరకు భూతద్దము పనికిరాదు. దాని నాభిదూరము జానెడు. సూర్యుని బొమ్మ ఆవగింజంత. పైగా కాగితమును కాల్చును. నాకు కావలసినది నాలుగు మీటరుల నాభిదూరము గల కటకము. వెల విచారింపగా, దూరదర్శినుల కటకములు అమ్మువారు చెప్పిన ధర మా బడి మూడు సంవత్సరముల సుద్దముక్కల ఖర్చు.

నాకు దారి చూపినది నా వయస్సే. నలువదియైదేండ్లు దాటినవి, చదువుటకు అద్దములు కావలసివచ్చినవి. ప్లస్ ఒకటి పవరు. ఒకనాడు తరగతిలో వానిని తీసి చేత పట్టుకొనియుండగా, ఎదుటి గోడమీద కిటికీ బొమ్మ తలక్రిందులుగా పడినది. గోడకు అద్దమునకు నడుమ ఇంచుమించు ఒక మీటరు. పవరు ఒకటి అనగా నాభిదూరము ఒక మీటరు. పవరు అర అనగా రెండు మీటరులు. పావు అనగా నాలుగు. ఈ సంగతి నేను ఏండ్ల తరబడి పిల్లలకు నల్లబల్లమీద వ్రాసి చెప్పుచునే యున్నాను. అది నా ముక్కుమీద కూర్చుండువరకు నాకు తట్టలేదు.

మఱునాడు పట్టణములోని కండ్లద్దముల దుకాణమునకు పోయి, ప్లస్ పావు పవరు అద్దము, చట్రములో పట్టుటకై కోయని గుండ్రని బిళ్ల కావలెనని అడిగితిని.

"పావు పవరుకు ఎవరూ అద్దాలు పెట్టుకోరండీ మాస్టారూ. ఎవరికి?" అని దుకాణదారుడు అడిగెను.

"సూర్యుడికి" అంటిని.

అతడు నా ముఖమువంక కొంతసేపు చూచి, లోపలికి పోయి, కాగితపు సంచిలోనున్న జత యొకటి తెచ్చెను. ఒక్కటి చాలునంటిని. జతను విడదీయమనెను. రెండును కలిపి నూట ఇరువది రూపాయలు. వెడల్పు ఇంచుమించు 65 మిల్లీమీటరులు.

మీరు కొనునప్పుడు చూచుకొనవలసినవి కొలదిగా నున్నవి. సిలిండరు పవరు లేకుండవలెను. ఎండకు నల్లబడు రకము వలదు. గాజైనను ప్లాస్టిక్కైనను సరియే. ప్లస్‌కు మాఱుగా మైనస్ ఇచ్చినయెడల ఎంత దూరము జరిపినను గోడమీద బొమ్మ పడదు. ఒకమాఱు నాకట్లే ఇచ్చిరి. దుకాణములోనే పరీక్షించుట తేలిక. దూరముననున్న స్తంభమును అద్దముగుండ చూచుచు అద్దమును ప్రక్కలకు కదల్చుడు. స్తంభము ఎదురుదిక్కునకు జరిగినట్లు తోచిన ప్లస్. అద్దముతో పాటు అదే దిక్కునకు జరిగిన మైనస్. ఈ పరీక్షకు స్తంభమునే చూడవలెను గాని సూర్యుని వైపు తిరుగరాదు.

నాలుగు మీటరుల గొట్టము చేసి సూర్యుని వైపు నిలుపుట మనవలన కాదు. కనుక సూర్యుని గదిలోనికి పిలువవలెను. దానికి ముఖము చూచుకొను అద్దపుముక్క కావలెను. మొదట మా యింటి పగిలిన అద్దమును వాడితిని; పలుచని అద్దము, అలలుగా నుండి సూర్యుని కోడిగ్రుడ్డును చేసినది. బీరువాకు బిగించు మందపు అద్దపుముక్క దానికంటె మేలు. అన్నిటికంటె మేలైనది జిరాక్సు కొట్టు వెనుక దొరకినది. చెడిపోయిన పాత స్కానరు యంత్రములలో వెండిపూత ముందువైపుననే ఉన్న సన్నని పొడుగాటి అద్దములుండును. సాధారణపు అద్దములో పూత వెనుకనుండుటచే బొమ్మ ప్రక్కన మఱియొక నీడబొమ్మ తోచును, వీనిలో తోచదు. చదునుగా నుండుటలో కూడ వీనికి సాటి లేదు. బల్లపరుపుగా నుండు పలుచని క్రొత్తరకపు స్కానరులలో ఇవి లేవు. మందముగా, బరువుగా నుండు పాతవానిలో వెదకవలెను. విప్పుటకు మరమ్మతు పనివానినే పిలువుడు. లోపలి సన్నని దీపపు గొట్టములో పాదరసముండును, పగులగొట్టరాదు. అద్దపుపూతను వ్రేలితో గాని గుడ్డతో గాని తుడిచితిరా, అంతటితో అది పోవును.

ఇక అమరిక. చీకటిగది తలుపును దుప్పటితో మూసి, అందు ఒక అట్ట బిగించి, అట్టలో 25 మిల్లీమీటరుల చిల్లు చేసి, దాని వెనుక పావు పవరు కటకమును అంటింపవలెను. బయట ఎండలో ముక్కాలిపీటమీద అద్దపుముక్కను నిలిపి, వెలుగు చిల్లులోనికి పోవునట్లు త్రిప్పవలెను. కటకమునకు నాలుగు మీటరుల దూరమున తెల్లకాగితము అంటించిన అట్టను పట్టి, ముందుకు వెనుకకు జరిపి, అంచు స్పష్టముగా వచ్చినచోట ఆపవలెను. 37 మిల్లీమీటరుల సూర్యుడు కాగితముమీద నిలుచును. అంత దూరమున వెలుగు పరచుకొనిపోవుటచే కాగితము కాలదు, చేయి పెట్టినను చుఱుక్కనదు. అయినను ఆ వెలుగుబాటలో నిలిచి కటకమువైపు వెనుదిరిగి చూచుట సూర్యుని చూచుటతో సమానము. అందుచేత పిల్లలు కటకమునకు వీపు త్రిప్పి, బాటకు ప్రక్కగా, అడ్డముగా కట్టిన త్రాటికి ఇవతల కూర్చుండవలెను. బయటి అద్దమునొద్ద పెద్దవాడు ఒకడు తప్పక నిలువవలెను. సూర్యుని బొమ్మ రెండు నిమిషములలో తన వెడల్పంత ప్రక్కకు జరిగిపోవును. అది భూమి తిరుగుట. నేనెన్నడు పాఠముగా చెప్పినను నమ్మని పిల్లవాడొకడు, కాగితమునుండి సూర్యుడు జాఱిపోవుట చూచి, నేలను రెండు చేతులతో పట్టుకొనెను.

అన్నియు సమకూడినవి గాని గది లేదు. మా బడి కిటికీలలో సగమునకు తలుపులు లేవు. ఊరిలో చీకటిగానున్న పొడుగాటి గది ఒక పెద్ద రైతుగారి ధాన్యపు కొట్టు. 2019 డిసెంబరు 26వ తేదీ గ్రహణమునకు ముందు ఆయన యొద్దకు పోయితిని.

"పట్టిన సూర్యుణ్ణి పిల్లలు చూడగూడదు మాస్టారూ. నా కొట్లో ఆ పని వద్దు" అనిరి.

"వాళ్లు సూర్యుణ్ణి చూడరు బాబాయిగారూ. మీ గోడను చూస్తారు" అంటిని.

ఆయన నవ్వలేదు. అప్పుడు నేను ఆయనకు రెండు పాత సంగతులు చెప్పితిని. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ గ్రహణమును చూచుటకు జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సముద్రములు దాటి మన గుంటూరునకు వచ్చెను. సూర్యుని అంచున లేచు జ్వాలల వెలుగును ఆయన యంత్రముతో విడదీసి చూచి, అవి గ్రహణము లేని దినమున కూడ కనబడవలెనని తలచి, మఱునాడు గుంటూరులోనే చూచెను. ఆ సంవత్సరమున సూర్యుని వెలుగులో బయటపడిన ఒక పసుపుపచ్చని గీతనుబట్టియే హీలియము అను వాయువునకు పేరు వచ్చినది. అది భూమిమీద దొరకుటకు 1895 వరకు పట్టినది. ఆ గ్రహణమునే చూచుటకు మద్రాసు వేధశాలనుండి వనపర్తికి పోయినవారు చింతామణి రఘునాథాచారిగారు. ఆయన దృగ్గణిత పంచాంగమును ప్రకటించిన పండితుడు. 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటినప్పుడు సామాన్య జనులకు తెలియునట్లు దేశభాషలలో చిన్న పుస్తకములు వేయించినవాడు. జాన్సెన్ మాటకు మా పెద్దాయన ఊ కొట్టి ఊరకుండిరి. రఘునాథాచారిగారి మాటకు, "పంచాంగం చేసినాయనే చూశాడా?" అని అడిగిరి. కొంతసేపటికి తాళపుచెవి తీసి బల్లమీద పెట్టిరి. ఒక్క నియమము పెట్టిరి: పెద్దల అనుమతి లేని పిల్లవాని నెవ్వనిని రానీయరాదు. ఆ నియమము నాకును నచ్చినది.

ఆనాటి ఉదయము 8 గంటలు దాటిన పిమ్మట గ్రహణము మొదలైనది. మబ్బు పొరలు వచ్చి పోవుచుండెను. మబ్బు వచ్చినప్పుడెల్ల గోడమీది సూర్యునిపై పొగవలె పాకుచుండెను. ముప్పదిమంది పిల్లలు ధాన్యపు బస్తాలమీద కూర్చుండిరి. కొట్టుగల పెద్దాయన లోపలికి రాలేదు. స్నానము చేసి, తడిబట్టతో, పంచాంగము చేతబట్టుకొని గుమ్మము ప్రక్కన నిలిచిరి. స్పర్శకాలము సమీపించినకొలది, "అయిందా? అంచు తెగిందా?" అని అడుగుచుండిరి. గోడమీది బిళ్ల అంచున చీమ కొఱికినంత నల్లని నొక్కు పడగానే పిల్లలు అఱచిరి. ఆయన గడియారము చూచి, పంచాంగము చూచి, వాకిట అద్దము పట్టుకొనియున్న నన్ను చూచిరి. మధ్యకాలమునకు గుమ్మము లోపల ఉండిరి. సగమునకు మించి తఱిగిపోయిన సూర్యుడు ఆయన కొట్టుగోడమీద ఉండెను. మోక్షకాలము వచ్చుసరికి బస్తామీద పిల్లల నడుమ కూర్చుండిరి.

ఆ సంవత్సరము సూర్యునిమీద మచ్చలు చాల అరుదు. అవి పదునొకండేండ్లకొకమాఱు పెరుగుచు తఱుగుచు ఉండును, 2019 తఱుగుకాలము. పిల్లలు బిళ్లమీది ప్రతి ధూళిరేణువును చూపి, ఇదియేనా మచ్చ అని అడిగిరి. సరియైన మచ్చను చూపుటకు నేను నాలుగేండ్లకు పైగా వేచియుండవలసివచ్చినది. 2024 మే నెల రెండవ వారములో, బడికి వేసవి సెలవులలో, సూర్యునిమీద భూమి వ్యాసమునకు ఇంచుమించు పదునైదు రెట్ల పొడవుగల మచ్చల గుంపు ఏర్పడినది. దానినుండి వెడలిన విజృంభణము వలన 10వ తేదీ రాత్రి లదాఖులోని హాన్లేయొద్ద ఆకాశము ఎఱ్ఱబాఱినది. మా కొట్టుగోడమీది 37 మిల్లీమీటరుల సూర్యునిలో ఆ గుంపు అయిదు మిల్లీమీటరుల చీమలబారు. పిల్లలు దినమునకొక కాగితము అంటించి, బిళ్ల చుట్టును గీచి, మచ్చను పెన్సిలుతో గుర్తుపెట్టిరి. నాలుగు కాగితములు ప్రక్కప్రక్కన పెట్టగా మచ్చ అంచువైపు జరిగిపోవుట కనబడినది. సూర్యుడును తనచుట్టు తాను తిరుగుచున్నాడని నేను చెప్పకముందే వారు చెప్పిరి.

ఆ వారములోనే నా పాత సహాధ్యాయి, ఆ ఎక్స్‌రే ఫిల్ము తెచ్చినవాడు, మనుమని వెంటబెట్టుకొని కొట్టునకు వచ్చెను. అతడు కాగితముదగ్గఱ కూర్చుండి, అలవాటుగా కుడికన్ను మూసికొని చూచెను. "ఇదేరా మేము చూడాల్సింది" అని ఒక్క మాట అనెను. అది మనుమనితో అన్నాడో, నాతో అన్నాడో.

2027 ఆగస్టు 2వ తేదీన మనదేశములో అనేకచోట్ల సాయంకాలమున పాక్షిక సూర్యగ్రహణము కనబడును. 2031 మే 21వ తేదీన కంకణగ్రహణము కేరళ, తమిళనాడుల మీదుగా పోవును. మన ప్రాంతమున పాక్షికము. ఆ దినము వేసవి సెలవులలో వచ్చుచున్నది గనుక పిల్లలు ఇంటిపట్టున మీ కనుసన్నలలోనే యుందురు. అప్పటికి మీ గ్రామములో చీకటికొట్టు గలవారు తాళపుచెవిని బడిపంతులుకు ఇచ్చుటను గుఱించి ఆలోచింప వేడుచున్నాను.

నేను కొన్న జతలోని రెండవ కటకము మనుమడు చదువుచున్న బడికి పోయినది. అతని తాతయే వచ్చి అడిగి తీసికొనిపోయెను. అట్టయు, దుప్పటియు, త్రాడును వారు సమకూర్చుకొనిరి. మంచి అద్దపుముక్క మాత్రము ఇంకను దొరకలేదు. మందమైన పాతరకపు స్కానరు ఎవరి యింటి అటకమీదనైనను పడియున్నయెడల, పాత సామానుల బండికి వేయక, మీ ఊరి బడికి ఇవ్వుడు. సెలవు.